పిల్లలు లేరా? భర్తకూ పరీక్ష చేయించండి

ఈ వారం ఒక సోదరి రాసిన ఉత్తరం తీసుకుంటున్నాను. పేరూ, వూరూ బయటపెట్టవద్దన్నారు. ఆమెకు 29 ఏళ్ళు, భర్తకు 34. పెళ్ళయి ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళలో ఆమెకు గర్భసంచి శుభ్రం చేశారు, గొట్టాలు తెరుచుకుని వున్నాయో లేదో ఎక్స్‌రే తీశారు, లాపరాస్కోపీ కూడా అయింది. అన్నీ బాగున్నాయన్నారు. భర్తకు పరీక్ష మాట ఎత్తితే "మా వాడికేం, గుండ్రాయిలా వున్నాడు" అని అత్తగారు కసురుకునేవారట. చివరికి రెండు నెలల క్రితం ఆయనే వెళ్ళి చేయించుకున్నారు. వీర్యకణాలు మిల్లీలీటరుకు 40 లక్షలే వున్నాయనీ, కదలిక కూడా తక్కువనీ రిపోర్టు వచ్చింది. "ఆ రోజు నుంచి మా వారు సరిగా అన్నం తినడం లేదు. నన్ను విడాకులు తీసుకుని వేరే పెళ్ళి చేసుకోమంటున్నారు. మాకు దారి వుందా డాక్టరుగారూ?" అని అడిగారు.

దారి వుందమ్మా. అయితే ఆరేళ్ళ క్రితం మొదట జరగవలసింది మీ ఇంట్లో చివర జరిగింది. ఏ జాగ్రత్తలూ పాటించకుండా ఏడాది పాటు కాపురం చేసినా నెల తప్పకపోతే భార్యాభర్తలు ఇద్దరూ ఒకేసారి పరీక్షలకు వెళ్ళాలి. భార్యకు 35 దాటితే ఆరు నెలలే ఆగాలి. పిల్లలు లేని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు లోపం పూర్తిగానో, కొంతగానో కనిపిస్తుంది. వీర్య పరీక్షకు కత్తి అక్కరలేదు, మత్తు అక్కరలేదు, ఖర్చూ తక్కువే. అది చేయించకుండా ఆడమనిషి కడుపుకు గాటు పెట్టించడం నాకు ఏనాడూ న్యాయంగా తోచలేదు.

ఒక్క రిపోర్టు చూసి తీర్మానం చేసుకోకూడదు. వీర్యకణం తయారు కావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. ఆ మధ్యలో గట్టి జ్వరం వచ్చినా లెక్క పడిపోవచ్చు. కనుక కొన్ని వారాల తర్వాత మళ్ళీ చేయించాలి. పరీక్షకు ముందు రెండు రోజులకు తక్కువ కాకుండా, ఏడు రోజులకు మించకుండా ఎడంగా వుండాలి. లాబ్‌వాళ్ళు ఇచ్చిన సీసాలోనే పట్టాలి. సబ్బు, కొబ్బరినూనె, ఉమ్మి తగలకూడదు. మామూలు నిరోధ్‌లో పట్టి తెస్తే పనికిరాదు. ఇంటి దగ్గర పడితే చలి తగలకుండా లోపలి జేబులో పెట్టుకుని, వీలైతే అరగంటలో, ఎంత ఆలస్యమైనా గంటలో అందజేయాలి. మొదటి చుక్కలు కింద పడిపోతే ఆ మాట సిగ్గుపడకుండా చెప్పాలి, ఎక్కువ కణాలు వుండేది వాటిలోనే.

2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన లెక్కల ప్రకారం మిల్లీలీటరుకు కోటీ 60 లక్షల కణాలు, వాటిలో నూటికి 42 కదులుతూ వుండడం కనీసపు హద్దు. ఆకారం సరిగ్గా వున్నవి నూటికి నాలుగు వున్నా చాలు. ఇది చూసి "96 శాతం చెడిపోయాయట" అని కంగారుపడేవారిని చాలామందిని చూశాను. హద్దుకు తగ్గినంత మాత్రాన పిల్లలు పుట్టరని కాదు, ఆలస్యం కావచ్చునని.

ఇక కారణం వెతకాలి. డాక్టరు ఒళ్ళు పరీక్షించకుండా కాగితం చూసి మాత్రలు రాస్తే ఒప్పుకోకండి. వృషణాల పైన సిరలు ఉబ్బి వున్నాయా, దాన్ని వేరికోసిల్ అంటారు, చిన్నప్పుడు వృషణం సంచిలోకి దిగలేదా, యుక్తవయసు వచ్చాక గవదబిళ్ళలు వచ్చి వృషణాలు వాచాయా, మధుమేహం వుందా, ఇవన్నీ చూడాలి. చేతికి తగిలేంత వేరికోసిల్ వుండి, లెక్క కూడా తగ్గితే ఆపరేషన్ వల్ల చాలామందికి మేలు జరుగుతుంది, ఫలితం తెలియడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. స్కాన్‌లో మాత్రమే కనపడే చిన్న ఉబ్బుకు ఆపరేషన్ అక్కరలేదు. మీ వారి లెక్క 50 లక్షల లోపు వుంది గనుక హార్మోన్ల పరీక్షతో పాటు క్రోమోజోముల పరీక్ష, వై క్రోమోజోములో ముక్క లోపించిందేమో చూసే పరీక్ష కూడా చేయించాలి. ఆ లోపం వుంటే పుట్టబోయే మగపిల్లవాడికి కూడా సంక్రమిస్తుంది, ముందే తెలియడం మంచిది.

సిగరెట్లు, గుట్కా, మద్యం మానాలి. ఇంకొకటి. కండల కోసం జిమ్‌లోనూ, "మగతనం" కోసం ఎవరో చెబితేనూ టెస్టోస్టిరాన్ సూదులు వేయించుకునేవారు ఎక్కువయ్యారు. ఆ సూది వీర్యకణాల తయారీని ఆపేస్తుంది. కొందరిలో లెక్క సున్నాకు దిగిపోతుంది. మానేశాక చాలామందిలో మళ్ళీ పెరుగుతుంది గాని నెలలు పడుతుంది.

ఇవన్నీ అయినా లెక్క పెరగకపోతే? వీర్యాన్ని కడిగి గర్భసంచిలోకి ఎక్కించే పద్ధతి కొద్దిపాటి లోపం వున్నవారికి పనికొస్తుంది. 40 లక్షల దగ్గర దాని మీద డబ్బూ, కాలమూ పెట్టమని నేను చెప్పను. మీకు సరిపడేది ఇక్సీ. ఒక్క అండంలోకి ఒక్క వీర్యకణాన్ని సన్నని సూదితో ఎక్కిస్తారు. బ్రస్సెల్స్ డాక్టర్లు 1992లో దీన్ని లోకానికి తెలియజేశారు. అంతకు ముందు మీ వారి వంటి వారికి దాత వీర్యమో, దత్తతో తప్ప పెద్దగా ఆశ వుండేది కాదు. ఇప్పుడు వీర్యంలో ఒక్క కణమూ లేనివారిలో కూడా కొందరికి వృషణం నుంచే కణాలు తీయగలుగుతున్నారు.

అయితే లోపం భర్తదైనా సూదులు భార్యకే. రోజూ సూది చొప్పున సుమారు పది పన్నెండు రోజులు, నడుమ స్కాన్‌లు, తర్వాత మత్తులో అండాలు తీయడం, మూడు నుంచి అయిదు రోజులకు పిండాన్ని లోపల వుంచడం. ఆ రోజుల్లో పొట్ట ఉబ్బి, వాంతులై, మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. ప్రైవేటులో ఒక్కో ప్రయత్నానికి లక్ష పైమాటే. మొదటిసారే ఫలిస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, ఇస్తే ఆ గడప దిగి వచ్చేయండి. మీ వయసు 29, అది మీకున్న బలం. అలాగని ఇంకో నాలుగేళ్ళు మొక్కులతో గడపవద్దు.

2021 నాటి చట్టం ప్రకారం ఇలాంటి కేంద్రాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సర్టిఫికెట్ చూపించమని అడగండి. రాతపూర్వకమైన అంగీకారం లేకుండా చికిత్స మొదలుపెట్టకూడదు. మీ కణాలే వాడుతున్నారా, దాతవా అన్నది అందులో స్పష్టంగా వుండాలి, చదవకుండా సంతకం పెట్టకండి. మగపిల్లవాణ్ణి ఇస్తామని ఎవరైనా అంటే అది నేరం. దాత వీర్యంతో పుట్టిన బిడ్డ కూడా చట్టరీత్యా మీ ఇద్దరి బిడ్డే. హైదరాబాద్ గాంధీ ఆస్పత్రిలో 2023లో సంతాన సాఫల్య కేంద్రం ప్రారంభించారు. మీకు దగ్గరైతే ఏ చికిత్సలు చేస్తున్నారో వెళ్ళి కనుక్కోండి.

మీ వారికి ఈ పేజీ చూపించండి. నాయనా, వీర్యకణాల లెక్కకూ, మగతనానికీ సంబంధం లేదు. కాపురం చక్కగా చేసేవారిలోనే ఎందరికో ఈ లెక్క తక్కువ వుంటుంది. మీ భార్య ఆరేళ్ళు మాటలు పడి, కోతలు పడి, ఇప్పుడు మీతోనే బిడ్డను కనాలని నాకు ఉత్తరం రాసింది. ఆమెను వేరే పెళ్ళి చేసుకోమనడం త్యాగం కాదు, ఆమెను అడగకుండా చేసిన తీర్పు. అన్నం తినండి, నిద్ర పట్టకపోతే ఆ సంగతీ డాక్టరుకు చెప్పండి. మీ అమ్మగారితో మాట్లాడవలసింది కూడా మీరే, కోడలు కాదు. రిపోర్టు చూపించనక్కరలేదు, "చికిత్స నాకు జరుగుతోంది" అంటే చాలు.

రెండో పరీక్ష మొదటిదాన్ని చేసిన లాబ్‌లోనే చేయిస్తే పోల్చి చూడడం తేలిక. డాక్టరు దగ్గరకు ఇద్దరూ కలిసి వెళ్ళండి, ఆమె పాత రిపోర్టులు, లాపరాస్కోపీ కాగితంతో సహా తేదీల వరుసలో తీసుకెళ్ళండి. చేసిన పరీక్షలే మళ్ళీ చేయించుకునే అవసరం తప్పుతుంది.