కర్త లేని తీర్మానం

అఖిల భారత మహాసభకు ప్రతినిధిగా ఎన్నికయ్యానని చెప్పగానే మా ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్నికయ్యారా, లేక మిగతావాళ్ళెవరూ వెళ్ళమన్నారా?" అని. ఇటువంటి రహస్యాలు ఇల్లాళ్ళకు ఎలా తెలుస్తాయో భగవంతుడికే ఎరుక. ఒక రాత్రీ ఒక పగలూ రైలు ప్రయాణం. తీరా వెళితే మూడు రోజులు ఉపన్యాసాలు వినాలి. పెద్దలు ఒక్కొక్కరే తప్పుకున్నారు. తెలుగు మాస్టారు దొరికాడు.

ప్రయాణానికి ముందురోజు మా శాఖలో పనిచేసే అతిథి అధ్యాపకురాలు నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడ్డది. 'అతిథి' అన్న మాట ఎంత సొంపుగా ఉన్నదో చూడండి! మన ఇళ్ళలో అతిథి వస్తే ముందు కాళ్ళకు నీళ్ళిస్తాం. కాలేజీలో అతిథికి గంటకింత అని లెక్కకట్టి ఇస్తాం. వేసవి సెలవులకు అదీ లేదు. నేను ప్రబంధం చెబితే ఆమె వ్యాకరణం చెబుతుంది, ఎనిమిదేళ్ళుగా చెబుతున్నది. పిల్లల కళ్ళకు ఇద్దరమూ ఒకటే.

"మాస్టారూ, కలకత్తా వెళుతున్నారటగా. ఒక్క మాట కనుక్కుని రండి. మీ సంఘంలో నాకు సభ్యత్వం ఉన్నదా?" అన్నది.

లేదు. మా శాఖ నిబంధనల్లో 'క్రమబద్ధమైన అధ్యాపకులు' అని స్పష్టంగా ఉన్నది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ, "కనుక్కుంటానమ్మా" అన్నాను. పదిహేనేళ్ళుగా చందా కడుతున్నాను గాని, ఆ ఒక్క విశేషణం ఎవరిని గుమ్మం బయట నిలబెట్టిందో ఏనాడూ ఆలోచించలేదు.

కలకత్తాను కోల్‌కతా అనడం మొదలుపెట్టి 2001 నుంచి ఇన్నేళ్ళయినా నా నోటికి పాత పేరే వస్తుంది. అక్కడ మాకు ఒక గుడ్డసంచీ, ఒక కలం, మెడలో వేసుకోవడానికి ఒక బిళ్ళ ఇచ్చారు. బిళ్ళ మీద నా ఇంటిపేరు నేనే గుర్తుపట్టలేనట్టు రాశారు. భోజనాల దగ్గర శాకాహారులమంతా ఒక మూలకు చేరాం. ఒక పంజాబీ ఆయనా, ఒక మలయాళీ ఆయనా, నేనూ ముగ్గురం మూడు రకాల ఇంగ్లీషులో జీతాల గురించి మాట్లాడుకుంటే ఒక్క ముక్క కూడా అర్థం కాకుండా పోలేదు. కష్టానికి భాష అడ్డు రాదు సుమా!

పింఛను తీర్మానం వచ్చినప్పుడు హాలు మారుమోగిపోయింది. కేంద్ర ప్రభుత్వంలో 2004 జనవరి 1 నుంచీ, మన రాష్ట్రంలో అదే ఏడు సెప్టెంబరు 1 నుంచీ కొత్తగా చేరినవారికి పాత పింఛను పోయింది. నేనూ ఆ బాపతువాడినే కనుక అరచేతులు ఎర్రబడేదాకా చప్పట్లు కొట్టాను.

చివరిరోజు మధ్యాహ్నం, సగం మంది రైళ్ళ వేళలు చూసుకుంటూండగా, అతిథి అధ్యాపకుల తీర్మానం వచ్చింది. ఒకటే వాక్యం. వారి పట్ల సభ సానుభూతి ప్రకటిస్తున్నదట. నా చెయ్యి లేచింది. నేనే ఎత్తానని చెప్పుకోను; లేచింది. అధ్యక్షులవారు రెండు నిమిషాలిచ్చారు.

వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. యు.జి.సి. 2019లో అతిథులకు తరగతికి 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకుండా ఇవ్వవచ్చునన్నది. మా సహోద్యోగినికి అందులో సగం కూడా ముట్టడం లేదు. సమాన పనికి సమాన వేతనమన్న సూత్రం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. ఉన్నత విద్యా బోధకుల గురించి యునెస్కో 1997లో చేసిన సిఫార్సు కూడా, పాక్షిక కాలం పనిచేసేవారికి ఆ మేరకు సమానమైన ప్రతిఫలమే ఇమ్మన్నది. "ఇవన్నీ ఇతరులు ఇవ్వవలసినవి. సభ్యత్వం మాత్రం మన చేతిలోనే ఉన్నది. దానికోసం మనం ఎవరికి మహజరు పెట్టుకోవాలి?" అని అడిగి కూర్చున్నాను.

ఒక పెద్దమనిషి లేచి, "వాళ్ళ సంఖ్య పెరిగిపోతున్నది. రేపు ఎన్నికల్లో మన గతేమిటి?" అన్నారు. మనసులో మాట దాచుకోనందుకు ఆయనను మెచ్చుకోవాలి. అంతమంది అయిన తరువాత కూడా వాళ్ళు అతిథులెలా అవుతారో మాత్రం ఎవరూ అడగలేదు. తర్జనభర్జనలయిన తరువాత సానుభూతిని కొట్టివేసి, "సభ్యత్వ విషయం పరిశీలింపబడవలెను" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం చేర్చారు. నేను గెలిచాననే అనుకున్నాను. దారి పొడుగునా రసగుల్లాల డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఇల్లు చేరాను.

మర్నాడు ఆమెకు రెండు రసగుల్లాలు ఇచ్చి తీర్మానం చదివి వినిపించాను. శ్రద్ధగా విన్నది.

"బాగున్నది మాస్టారూ. కాని ఈ వాక్యంలో కర్త ఎవరు?" అన్నది.

వ్యాకరణం చెప్పేవాళ్ళతో ఇదే చిక్కు. పరిశీలించేదెవరో చెప్పకుండా పరిశీలించడానికి ఆ కర్మణి వాక్యం ఎంత వీలుగా ఉంటుందో ఎం.ఏ. చదివిన నాకు అంతవరకూ తట్టలేదు.

ఆ సాయంత్రమే ఒక తెల్లకాగితం తీసుకుని, మా శాఖ నిబంధనల్లో 'క్రమబద్ధమైన' అన్న మాట తీసివేయాలని రాశాను. సర్వసభ్య సమావేశంలో అది చర్చకు రావాలంటే పది సంతకాలు కావాలి. మొదటిది నాది. కాగితం స్టాఫ్ రూములో తిరుగుతూ ఉన్నది. చాలామంది చదివి, "చాలా న్యాయమండీ" అని తలూపి, కలం కోసం జేబులు తడుముకుంటున్నారు.

మహాసభవారు ఇచ్చిన కలం నా దగ్గర ఉన్నది. అడిగినవారికల్లా ఇస్తున్నాను.