కొత్త పడక గది ఎవరి కోసం?

2021 మే నెలలో, కరోనా రెండో దశ ఉద్ధృతంగా సాగుతున్న రోజులలో, నల్లగొండ జిల్లాలోని ఒక గిరిజన గ్రామానికి చెందిన యువకుడు పదకొండు రోజులపాటు చెట్టు మీద గడిపాడు. వ్యాధి సోకినట్లు పరీక్షలో తేలింది. ఇంట్లో ఉన్నది ఒకే గది. తనవారికి అంటుతుందన్న భయంతో ఇంటి ఆవరణలోని చెట్టు కొమ్మలకు వెదురు కర్రలు కట్టి, వాటిపై పడక ఏర్పరచుకున్నాడు. ఆ వార్త దేశమంతటా పాకింది; చాలామంది దానిని వింతగా చదివి మరచిపోయారు. వైద్యుడిగా నేను దానిని ఒక గది లోటు గురించిన వార్తగా చదివాను. ఇంటికి ఇంకొక పడక గది ఉండటం విలాసమని భావించేవారు ఆ పదకొండు రోజులను ఒకసారి తలచుకోవాలి.

అయితే గది ఉంటే చాలదు. ఎక్కడ, ఎలా, ఎవరి కోసం కట్టాము అన్నదానిపై ఆ ఇంటివారి ఆరోగ్యం చాలావరకు ఆధారపడి ఉంటుంది. మన నల్లగొండ, పాలమూరు ప్రాంతాలలో ఈ విషయం పైపైన ఆలోచించి నిర్ణయించేది కాదని నా అభిప్రాయం.

అదనపు గది మాట మన కుటుంబాలలో ఎక్కువగా కొడుకు పెళ్ళి కుదిరిన నాడు పుడుతుంది. ముహూర్తానికి మూడు నెలల గడువు ఉంటుంది. మేస్త్రీ వచ్చి ఇల్లంతా చూసి, "డాబా మీద నాలుగు గోడలు లేపి రేకులు వేస్తే తక్కువలో అయిపోతది సార్" అంటాడు. లెక్క కుదురుతుంది, ఇటుక దిగుతుంది. ఆ గదిలో ఎవరు పడుకుంటారు, అది వచ్చాక పాత గదిలో నుండి ఎవరు కదలవలసి వస్తుంది అన్న ప్రశ్న ఆ చర్చలో వినబడదు. ఖర్చు, స్థలం, వాస్తు అన్నీ ముఖ్యమే. కానీ ఈ ప్రశ్న వాటన్నిటికంటె ముందు రావాలి.

ఎందుకంటే గది కట్టిన తరువాత జరిగే సర్దుబాటు చాలా ఇళ్ళలో ఒకే తీరుగా ఉంటుంది. కొత్త దంపతులకు స్నానాల గది కలిసివున్న కింది గది దక్కుతుంది. తల్లిదండ్రులు పైనున్న రేకుల గదికో, హాలులోని దివానుకో మారుతారు. అవ్వ మంచం వరండాలోకి వస్తుంది. ఎవరూ దురుద్దేశంతో చేయరు. పెద్దలే ముందుగా "మాదేముంది, ఎక్కడైనా పడుకుంటాం" అంటారు. ఆ మాటను నమ్మవద్దని నేను పాఠకులను కోరుతున్నాను.

రేకుల గది సంగతి మొదట చూద్దాం. మే నెలలో నల్లగొండ ఎండ 45 డిగ్రీలను తాకడం మనకు కొత్త కాదు. ఆ ఎండలో రేకు చేయి పెట్టలేనంతగా కాలుతుంది, ఆ వేడి నేరుగా కింద పడుకున్న మనిషి మీదికి దిగుతుంది. సిమెంటు స్లాబు మరొక రకంగా బాధిస్తుంది. పగలంతా వేడిని తాగి, సాయంత్రం మొదలుకొని అర్ధరాత్రి వరకు గదిలోకి వదులుతుంది. మన తాతల నాటి మట్టి మిద్దెకు, మందపాటి మట్టి గోడలకు ఈ జబ్బు తక్కువ. వాటికి చెదలు, కురుపు, వానాకాలపు మరమ్మతు వంటి కష్టాలు ఉన్నాయి కాబట్టి మళ్ళీ మిద్దెలు కట్టుకోమని నేను చెప్పను. కానీ ఉన్న మిద్దె గట్టిగా ఉంటే, కొత్త గది పేరుతో దానిని కూలగొట్టే ముందు వేసవిలో ఒక మధ్యాహ్నం అందులో కూర్చొని చూడండి.

వడదెబ్బ అంటే పొలంలో, రోడ్డు మీద తగిలేదని చాలామంది అనుకుంటారు. ఇంట్లో, మంచం మీద కూడా వడదెబ్బ తగులుతుంది. పగటి వేడి నుండి శరీరం కోలుకునేది రాత్రి చల్లదనంలో. గది రాత్రి కూడా ఉడుకుతుంటే ఆ కోలుకోవడం జరగదు, మరునాడు గుండె, మూత్రపిండాలు అలసిన స్థితిలోనే ఎండను ఎదుర్కొంటాయి. వయసు మీదపడినవారికి చెమట తక్కువ పడుతుంది, దాహం వేసినట్లు తెలియదు. వారిలో చాలామంది రక్తపోటుకు మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు వాడుతుంటారు. అవి శరీరంలోని నీటిని ఇంకా తగ్గిస్తాయి. ఫ్యాను ఉంది కదా అంటారు. గదిలోని గాలి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను శరీరాన్ని చల్లబరచకపోగా వేడి గాలిని ఒంటిమీదికి తోస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా కూడా ఇదే.

రేకులలో ఆస్బెస్టాస్ రేకులు ఇంకొక ప్రమాదం. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. మన దేశంలో వాటి వాడకంపై నిషేధం లేదు. రేకును కోసినప్పుడు, రంధ్రం వేసినప్పుడు, పాతది పగిలినప్పుడు లేచే సన్నని దుమ్ము ఊపిరితిత్తులలో చేరి, దశాబ్దాల తరువాత జబ్బుగా బయటపడుతుంది. ఇంటిపై ఇప్పటికే అవి ఉంటే భయపడి పీకి పగలగొట్టవద్దు. కదపకుండా ఉంచి, మార్చే రోజున తడిపి, పగలకుండా దించాలి. కొత్తగా మాత్రం వేయించవద్దు.

ఇక మెట్లు. ఈ విషయంలో మన జిల్లా తక్కిన ప్రాంతాల వంటిది కాదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడు నీటితో దశాబ్దాలు గడిపిన తరం ఇప్పుడు వృద్ధాప్యంలో ఉంది. నీటిలోని ఫ్లోరైడును పటిక, సున్నంతో తొలగించే పద్ధతికి ప్రపంచమంతటా 'నల్లగొండ పద్ధతి' అనే పేరుండటం మనకు దక్కిన విషాదకరమైన కీర్తి. మిషన్ భగీరథ నీరు వచ్చిన తరువాత పుట్టిన పిల్లలకు ఆ బెడద తగ్గుతుంది గాని, పెద్దల ఎముకలలో చేరినది వెనక్కి పోదు. వెన్ను బిగుసుకొని, తుంటి, మోకాళ్ళు వంగని మనిషికి పద్దెనిమిది మెట్ల పైన గది ఇవ్వడమంటే వారిని ఊరికి, వాకిలికి, పలకరింపుకు దూరం చేయడమే. ఒకసారి ఎక్కినవారు దిగడం మానుకుంటారు. నడక తగ్గుతుంది, కండలు కరుగుతాయి, ఒకరోజు రాత్రి మూత్రానికి లేచి పడతారు. తుంటి ఎముక విరిగిన తరువాత జరిగేది మీలో చాలామంది మీ ఇళ్ళలోనే చూసి ఉంటారు.

కనుక నా సిఫార్సు ఇది. స్థలం ఉంటే కొత్త గదిని నేల మీదే, ఇంటి పక్కన, వీలైతే ఉత్తరం లేదా తూర్పు వైపున, స్నానాల గదితో కలిపి కట్టండి. దానిని పెద్దలకు ఇవ్వండి. స్థలం లేక పైకి పోవలసి వస్తే రేకులు కాక స్లాబు వేయించి, పడుచువారు పైకి వెళ్ళండి. కింది గది పెద్దలదే. అయితే రాయి, మట్టి కలిపి కట్టిన పాత గోడలు పై అంతస్తు బరువు మోయలేవు. పిల్లర్లు ఉన్నా, అవి ఎంత బరువుకు వేసినవో ఇంజనీరు చూసి చెప్పాలి, మేస్త్రీ ధైర్యం సరిపోదు. మన చల్కా నేలల్లో గట్టి నేల త్వరగా తగులుతుంది కాబట్టి పక్కన గదికి పునాది అంత భారం కాదు. రేగడి నేలైతే అది వానకు ఉబ్బి, ఎండకు కుంగి గోడలను చీలుస్తుంది, అక్కడ పునాది వద్ద పొదుపు చేయవద్దు.

పాలమూరు పాఠకులకు ఒక మాట. నాగార్జునసాగర్ మొదలుకొని ఎన్నో ఆనకట్టలకు, పెద్ద నగరాల మేడలకు మట్టి మోసింది మీ జిల్లా కూలీలే. వలస వెళ్ళిన దంపతులు ఏళ్ళ తరబడి కూడబెట్టి ఊళ్ళో గది వేస్తారు; తాము పండుగలకు వచ్చినప్పుడు ఉండటానికని టైల్స్ పరచి తాళం వేసిపోతారు. ఏడాదిలో పది నెలలు ఆ ఇంట్లో ఉండేది అవ్వాతాతలు, బడికి పోయే పిల్లలు. వారు పాత కొట్టంలో పడుకుంటారు. ఆ తాళం తీయించండి.

మూడో మార్గం వరండా మూసివేయడం. ఇది చౌక, అందుకే ప్రమాదకరం. వరండాకు గోడ కడితే దాని వెనుకనున్న గది కిటికీ గాలికి కాక మరో గదిలోకి తెరుచుకుంటుంది. ఒక గది సంపాదించబోయి రెండు గదుల గాలి పోగొట్టుకుంటాము. క్షయ రోగి దగ్గినప్పుడు వెలువడే క్రిములు గాలి ఆడని గదిలో గంటల తరబడి తేలుతుంటాయి. ఎదురెదురు కిటికీలున్న గదిలో అవి పలుచబడి బయటికి పోతాయి. హాలును ప్లైవుడ్డుతో రెండుగా చీల్చినా ఇదే చిక్కు. పొడి వేడి ప్రాంతాలలో కిటికీల వైశాల్యం గది నేల వైశాల్యంలో కనీసం పదో వంతు ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతుంది. పడక గదికి 9.5 చదరపు మీటర్లు, అంటే సుమారు పది అడుగులకు పది అడుగులు, ఎత్తు 2.75 మీటర్లు కనీసం ఉండాలన్నది కూడా అందులోనిదే. ఇందిరమ్మ ఇల్లు కట్టుకుంటున్నవారు 5 లక్షల సాయంతో కనీసం 400 చదరపు అడుగులలో సర్దుకోవాలి గనుక, తరువాత కట్టబోయే గదికి ఏ గోడ వైపు స్థలం విడిచిపెట్టాలో ముగ్గు పోసే రోజే తేల్చుకోవడం మేలు.

వాస్తు గురించి అడగకుండా ఎవరూ వదలరు. ఇంటి పెద్దకు నైరుతి గది అంటారు. మన ఎండలో పడమటి గోడ మధ్యాహ్నం నుండి పొద్దుగూకేదాకా కాలుతుంది, నైరుతి గదికి ఆ గోడ తప్పదు. నమ్మకాన్ని మానుకోమనను. ఆ గోడకు వెడల్పాటి సజ్జ వేయించండి, లోపలివైపు బీరువాలు, అలమరలు పెట్టించండి, బయట వేపచెట్టు నాటండి. మంచాన్ని ఆ గోడకు ఆనించవద్దు.

స్లాబు పైన తెల్లని చలువ సున్నం పూయించడం కొద్దిపాటి ఖర్చుతో గదిలో కొన్ని డిగ్రీల వేడిని తగ్గిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం చెప్పేది కూడా ఇదే. చిన్న ఇళ్ళకు అది ఐచ్ఛికం గనుక ఎవరో వచ్చి వేయిస్తారని చూడకండి, ఏటా ఫిబ్రవరిలో మీరే వేసుకోండి. కూలరు పెట్టేవారు ఎదురు కిటికీ తెరచి ఉంచాలి, లేకుంటే గది ఆవిరిగదిగా మారుతుంది. కూలరు నీటిని వారానికొకసారి పూర్తిగా పారబోసి, తొట్టిని తోమాలి. డెంగీ దోమకు అంతకంటె ఇష్టమైన చోటు లేదు.

పెద్దల స్నానాల గదిలో నునుపు గ్రానైటు వద్దు, గరుకు షాబాదు బండ చాలు. కమోడు పక్కన గోడకు ఇనుప పట్టు కడ్డీ బిగించండి. తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించండి. లోపల పడిపోయిన మనిషి తలుపుకు అడ్డంగా పడతాడు, లోపలికి తెరుచుకునే తలుపును అప్పుడు తోయలేము. గడియ బయటినుండి కూడా తీయగలిగేదిగా ఉండాలి. మంచం నుండి స్నానాల గదికి దారిలో గడప ఉంచవద్దు, రాత్రంతా చిన్న దీపం వెలగనివ్వండి. ముహూర్తం దగ్గరపడిందని తడి ఆరని గోడలకు రంగు వేసి ఆ వారమే పడకలు వేయడం కూడా మంచిది కాదు. ఉబ్బసం ఉన్నవారు ఆ వాసన పూర్తిగా పోయేవరకు, కిటికీలు తెరచి కొన్ని వారాలు ఆగిన తరువాతే ఆ గదిలో పడుకోవాలి.