వజ్రపుటుంగరము: వెల న్యాయమైనదా?

ఆశ్వయుజమాసము వచ్చినతోడనే మంచిర్యాల బజారులోని బంగారపు దుకాణములకు క్రొత్తకళ వచ్చును. శ్రీరాంపురము, మందమర్రి, బెల్లంపల్లి, గోదావరిఖని ప్రాంతములలో బాయిపని చేయు కుటుంబములకు సింగరేణి సంస్థ తన లాభములలోని వాటాను దసరాకును, బోనసును దీపావళికిని ఇచ్చుట ఆనవాయితీగా నున్నది. 2024వ సంవత్సరమున ఈ వాటా 33 శాతముగా నిర్ణయింపబడి 796 కోట్ల రూపాయలు పంచబడినవి. సగటున ఒక్కొక్క కార్మికునకు లక్షా తొంబదివేల రూపాయలు వచ్చినవి. ఆ ధనమునకై యింటిలో ఎదురుచూచు పనులెన్నియో కలవు: పిల్లల చదువు, కురియుచున్న పైకప్పు, తీరని పాతయప్పు, కుమార్తె నిశ్చితార్థము. ఈ కడపటి దానితోనే వజ్రపుటుంగరము మన యిండ్లలో ప్రవేశించినది. వెనుక అల్లునికి అరతులము ఉంగరము పెట్టిన చాలునని తలచిన యిండ్లవారే నేడు “ఒక్క రవ్వయైనను పొదిగినది కావలెను” అనుచున్నారు.

కోరిక తప్పుకాదు. కాని బంగారము కొనునప్పుడు మనకుండు నేర్పు వజ్రము కొనునప్పుడు ఉండుట లేదు. బంగారమనిన గ్రాము ధర యడుగుదుము, తూకము చూతుము, తరుగెంత, మజూరీ యెంత యని వాదింతుము. వజ్రపుటుంగరము దగ్గర మాత్రము వర్తకుడు తొంబదియైదువేలనగా, “అయిదువేలు తగ్గింపుడు” అని బేరమాడి, అతడు తగ్గించినంతనే సంతోషముతో లేచి వత్తుము. ఏ వెలనుండి ఆ యైదువేలు తగ్గినవి? అసలు వెల యెంత? ఈ ప్రశ్న వేసికొనువారు అరుదు. ఈ మాసమున దీనిని గూర్చియే విచారింతము.

మొదట ఒక్క మాట గుర్తుంచుకొనవలెను. ఉంగరమునకు వెల యొకటి కాదు, నాలుగు: బంగారపు వెల, రాతి వెల, పనివాని కూలి, ప్రభుత్వపు పన్ను. ఈ నాలుగును విడివిడిగా కాగితముపై వ్రాయించినగాని వెల న్యాయమైనదో కాదో చెప్పుట ఎవరికిని సాధ్యముకాదు. వ్రాసి యియ్యనను దుకాణమునందు కొనకుండుటయే మేలు.

బంగారము సంగతి చూతము. 22 క్యారట్ల బంగారము మెత్తనిది. దానితో చేసిన సన్నని గోళ్లు రాతిని చిరకాలము పట్టియుంచలేవు. కావున వజ్రపు నగలకు సాధారణముగా 18 క్యారట్ల బంగారమును వాడుదురు. ఇందు నూటికి 75 పాళ్లే మేలిమి. అందుచే నగ లోపలి ముద్రలో 750 అని యుండును. 22 క్యారట్ల నగపై 916 అని యుండును. దుకాణపు గోడపై వ్రాసిన 22 క్యారట్ల ధరను ఈ యుంగరమునకు కట్టినచో అక్కడనే నష్టము మొదలగును. 2023 ఏప్రిల్ 1వ తేదీనుండి హాల్‌మార్కు నగపై ఆరక్షరముల హెచ్‌యూఐడీ సంకేతము తప్పనిసరి యైనది. ఆ సంకేతమును ఫోనులోని బీఐఎస్ కేర్ అను యాప్‌లో వ్రాసి చూచినచో నగ వివరములు తెలియును. రెండు గ్రాములకు లోబడిన చిన్న నగలకు ఈ నిర్బంధము లేదు. ఇంకొక మాట: హాల్‌మార్కు బంగారమునకు సాక్షియే గాని రాతికి కాదు.

క్యారటు అను మాటకు ఇచట రెండర్థములున్నవి. బంగారమున నది స్వచ్ఛతకు పేరు. వజ్రమున తూకమునకు పేరు. వజ్రపు క్యారటు అనగా 200 మిల్లీగ్రాములు. దానిలో నూరవవంతు ఒక సెంటు. అయిదు క్యారట్లు కలిసిన ఒక గ్రాము. కావున ఉంగరము మొత్తపు తూకమునుండి రాతి తూకము తీసివేయగా మిగిలిన నికర తూకమునకే బంగారపు ధర కట్టవలెను. లేనియెడల ఒకే రాతికి రెండుమార్లు వెల యిచ్చినట్లగును.

ఇప్పుడొక లెక్క వేయుదము. ఇందలి ధరలు లెక్కకు సులభముగా నుండుటకై అనుకొన్నవే. మీరు కొను దినపు ధరలను వానిచోట వేసికొనుడు. మేలిమి గ్రాము పదివేలనుకొనిన, 18 క్యారట్లది 7,500 రూపాయలు. ఉంగరపు మొత్తపు తూకము 4.1 గ్రాములు, అందు 50 సెంట్ల రాయి 0.1 గ్రాము. నికర బంగారము 4 గ్రాములకు 30,000 రూపాయలు. మజూరీ నూటికి 15 చొప్పున 4,500. ఆ జాతి రాయి క్యారటు 60,000 అనుకొనిన, అర క్యారటునకు 30,000. మొత్తము 64,500. దీనిపై నూటికి 3 చొప్పున జీఎస్టీ 1,935. వెరసి 66,435 రూపాయలు. ఇట్టి యుంగరమునకు తొంబదియైదువేలు అడిగినచో, మిగిలిన 28,565 దేనికని అడుగు హక్కు మనకు కలదు. “రాయి మేలైనది” అని వర్తకుడు చెప్పవచ్చును. మేలెంతయో ఎట్లు తెలియును?

రాతి వెలను నిర్ణయించునవి నాలుగు: తూకము, రంగు, నిర్మలత్వము, కోత. రంగునకు ఆంగ్లాక్షరములు గుర్తులు. డి అన్నది బొత్తిగా రంగులేనిది; అక్కడనుండి జెడ్ వరకు పసుపుఛాయ క్రమముగా హెచ్చును. నిర్మలత్వమనగా లోపలి మచ్చలు, చారలు, బీటలు లేకుండుట. పదింతలుగా చూపు భూతద్దముతో చూచినను ఏమియు కానరానిది ఎఫ్ఎల్. తరువాత ఐఎఫ్, వీవీఎస్, వీఎస్, ఎస్ఐ, కడపట ఐ. కోత యనగా పలకలు సరియైన కోణములలో తీర్చబడుట. రాతికి తళుకు నిచ్చునది ముఖ్యముగా ఇదియే. దుకాణమున వీవీఎస్ అను మాటను గొప్పగా చెప్పుదురు. కాని అర క్యారటు రాతియందు వీవీఎస్‌కును వీఎస్‌కును గల భేదము వంటి కంటికి తెలియదు. కోత చెడినచో మాత్రము చిన్నపిల్లకును తెలియును. కావున మితవ్యయము కోరువారు జి, హెచ్ రంగులలో, వీఎస్ తరగతిలో, కోత మేలైన రాయిని కోరుట వివేకము.

తూకమును గూర్చి మనవారికి తరచుగా కలుగు భ్రమ యొకటి కలదు. పెద్దరాయి దొరకుట అరుదు గనుక తూకము పెరిగినకొలది క్యారటు ధరయు పెరుగును. పదునేడవ శతాబ్దమున మన దేశపు వజ్రపుగనులను చూచిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, రాతి తూకమును దానిచేతనే గుణించి ఒక క్యారటు వెలతో హెచ్చవేయు పద్ధతిని తన గ్రంథమున వ్రాసెను. అనగా ఒక క్యారటు నూరు రూపాయలైన, రెండు క్యారట్ల రాయి రెండువందలు కాదు, నాలుగువందలు. నేటి లెక్క అంత సూటిది కాకున్నను మూలసూత్రము మారలేదు. కావున ఏడేసి సెంట్ల రాళ్లు ఏడు పువ్వువలె పొదిగి, “మొత్తము అర క్యారటు” అని చెప్పి ఒంటిరాతి వెల యడిగినచో అది న్యాయముకాదు. అదేవిధముగ సరిగా అర క్యారటు, ఒక క్యారటు అను మెట్లవద్ద వెల ఒక్కసారిగా లేచును. 50 సెంట్లకు బదులు 47 సెంట్లది తీసికొనినచో కంటికి భేదముండదు, చేతికి ధనము మిగులును.

రాతిని చూచు చోటునుగూర్చియు ఒక మాట. దక్కను గనుల వర్తకులు గోడలో గూడుచేసి, అందు దీపముంచి, రాత్రివేళ ఆ వెలుతురున ముడిరాయిని వ్రేళ్ల నడుమ పట్టి పరీక్షించెడివారని తావెర్నియేయే వ్రాసియున్నాడు. వారు రాతి లోపములను కనిపెట్టుటకు దీపము వెలిగించిరి; నేటి దుకాణములలో దీపములు రాతిని మెరిపించుటకు వెలుగుచున్నవి. కావున ఉంగరమును తెల్లని కాగితముపై నుంచి, గుమ్మమువద్ద పగటి వెలుతురున చూడుడు. పసుపుఛాయ యున్నచో అక్కడ బయటపడును.

ఇంత చూచినను మన కన్ను ప్రమాణముకాదు. రాతికి ప్రయోగశాల పత్రము కావలెను. జీఐఏ, ఐజీఐ వంటి సంస్థలు రాతిని పరీక్షించి తూకము, రంగు, నిర్మలత్వము, కోత వ్రాసి సంఖ్యతో పత్రము నిచ్చును. పెక్కు రాళ్ల యంచున ఆ సంఖ్య సూక్ష్మముగా చెక్కబడియుండును. భూతద్దమడిగి ఆ సంఖ్యను పత్రముతో సరిచూడుడు. సంస్థవారి వెబ్‌సైటులోను సరిచూడుడు. దుకాణమువారు తామే వ్రాసికొన్న కాగితము పత్రముకాదు. పత్రము చేత నున్నచో మంచిర్యాలలో చూచిన రాతిని కరీంనగరములోను, హైదరాబాదులోను అదే తరగతి రాతితో పోల్చవచ్చును. లోకమందలి వజ్రములలో పెక్కింటిని సూరతునందే సానపట్టుదురు. అచ్చటి రాళ్లే అన్ని యూళ్లకు పోవును గనుక, ఊరు మారినంతమాత్రమున రాయి మేలు కాదు.

ఇక నేటి కాలపు ముఖ్యమైన చిక్కు. బొగ్గునందు ప్రధానముగా నున్నదియు, వజ్రము పూర్తిగా నైనదియు కర్బనమే. బొగ్గే ముదిరి వజ్రమగునని పలువురందురు గాని అది నిజముకాదు. మన బొగ్గు పూర్వయుగములనాటి వృక్షములనుండి పుట్టినది. వజ్రము భూమిలో నూరుమైళ్ల లోతున ఏర్పడి అగ్నిశిలలతో పైకి వచ్చినది. అట్టి వజ్రమునే నేడు ప్రయోగశాలలో కొన్ని వారములలో పండించుచున్నారు. అది గాజుకాదు, నకిలీ రాయికాదు; గుణమున నిజమైన వజ్రమే. దుకాణములో రాతికి తాకించి చూపు చిన్న యంత్రము సాధారణముగా దీనిని సహజవజ్రమునుండి వేరుచేయలేదు. కాని వెలలో భేదము మిక్కిలి హెచ్చు. ఉత్పత్తి పెరిగినకొలది ఈ రాళ్ల ధర ఏటేట పడిపోవుచు వచ్చినది. తక్కువ వెలకు తళుకు చాలుననువారు తెలిసి కొనుట దోషముకాదు. తెలియక సహజవజ్రపు వెల యిచ్చుటయే నష్టము. కావున బిల్లుపై “సహజవజ్రము” అనియో “ల్యాబ్ గ్రోన్” అనియో స్పష్టముగా వ్రాయింపుడు. “డైమండ్” అని మాత్రమున్న బిల్లు చాలదు.

కొనునప్పటి వెల తెలిసిన చాలదు. అవసరమున ఎంత వచ్చునో కూడ తెలియవలెను. బాయిపని చేయు యింట ఆపద చెప్పి రాదు. ఆసుపత్రికో, పిల్లవాని కళాశాల రుసుమునకో నగను బ్యాంకున కుదువపెట్టవలసివచ్చినచో, అక్కడ రాతి తూకమును తీసివేసి నికర బంగారమునకే విలువ కట్టుదురు. పై లెక్కలోని ఉంగరమున ముప్పదివేల బంగారమే లెక్కకు వచ్చును. అందును కొంతభాగమే ఋణముగా దొరకును. రాతికి ఇచ్చిన ముప్పదివేలకు అక్కడ విలువ సున్న. తిరిగి అమ్మబోయినను మజూరీయు పన్నును రావు. “తొంబది శాతము వెనుకకు ఇత్తుము” అని దుకాణమువారనినచో మూడు ప్రశ్నలడుగుడు: నగదుగానా, మరియొక నగ కొనినగానా? నాటి వెలపైనా, బిల్లు వెలపైనా? రాతికా, మొత్తమునకా? జవాబును బిల్లుపైననే వ్రాయింపుడు.

బిల్లు లేక కొనినవానికి న్యాయము దొరకుట కష్టము. పన్ను తప్పునని ఆశపెట్టి తెల్లకాగితముపై వ్రాసి యిచ్చువారి మాట వినకుడు. హాల్‌మార్కు ముద్రయున్న నగలో స్వచ్ఛత తక్కువయైనచో, ఆ లోటు విలువకు రెండింతలును పరీక్షా రుసుమును కొన్నవారికి చెల్లింపవలెనని 2018నాటి బీఐఎస్ నిబంధనలు చెప్పుచున్నవి. రాతి విషయమున మోసము జరిగినచో 1915 అను సంఖ్యకు ఫోనుచేసి వినియోగదారుల సహాయకేంద్రమునకు తెలుపవచ్చును. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన సొమ్ము అయిదు లక్షలకు మించనిచో అచట రుసుము లేదు. ఈ రెంటికిని సాక్ష్యము బిల్లే.

సోదరీమణులారా! ముచ్చటకై కొను వస్తువు వేరు, కూడబెట్టుకొను వస్తువు వేరు. వజ్రపుటుంగరము మొదటి జాతికి చెందినది. అప్పు తీరి, ఇంటి యవసరములు గడచి, మిగిలినదానితో ముచ్చట తీర్చుకొనుడు, ఎవరును తప్పుపట్టరు. వియ్యాలవారి మాటకు జంకి అప్పుచేసి మాత్రము కొనకుడు. కొనుటకు పోయిన దినముననే కొనవలెనన్న నియమము లేదు. నాలుగు వెలలు వ్రాయించుకొని ఆ కాగితముతో ఇంటికి రండు. భార్యాభర్తలు కూర్చుండి లెక్క సరిచూచి, మరునాడు పోయి కొనుడు. రాతియంతరమున బాయిలోనికి దిగి సంపాదించిన సొమ్మునకు ఒక్కరాత్రి యాలోచన ఎక్కువ కాదు.