పొయ్యి వెలిగిస్తేనే టిఫినా?

వేసవి సాయంత్రం. పిల్లలు ఆకలంటారు. ఆఫీసు నుంచి ఆయన వచ్చే వేళవుతుంది. బయట ఎండ తగ్గినా వంటింట్లో సెగ తగ్గదు. అయినా బజ్జీలకో పకోడీలకో మూకుడు పొయ్యెక్కాల్సిందే. లేదంటే 'ఇవాళ ఏమీ చెయ్యలేదా?' అన్న ప్రశ్న సిద్ధం!

ఒక మే నెలలో మా ఇంటికి చుట్టాలొచ్చారు. బ్రెడ్డు ముక్కల మీద పనీరు పరిచి, పైన బంగినపల్లి మామిడి ముక్కలు సర్ది పెట్టాను. అందరూ ఇష్టంగా తిన్నారు. ప్లేటు ఖాళీ చేసి మా పెద్దాడపడుచు, "బాగుందే! ఇంతకీ టిఫినేం చేస్తున్నావ్?" అన్నారు. నేను నవ్వేసి ఉప్మాకి ఉల్లిపాయలు తరగడానికి కూర్చున్నాను. ఆవిడ అడగడం తప్పు కాదు, నేను తరగడమే తప్పు.

చెమటోడిస్తేనే వంట అని మనమే ఒప్పేసుకున్నాం. డెన్మార్క్‌లో ఇలా పై ముక్క లేని శాండ్‌విచ్‌ను 'స్మొర్రెబ్రోడ్' అంటారు. అక్కడ రై పిండి రొట్టె మీద చేపలో, మాంసమో, గుడ్డో, జున్నో పెట్టుకుని మధ్యాహ్న భోజనంగానే తింటారు. అది భోజనమైనప్పుడు మనది టిఫిను కాకుండా పోతుందా?

చెయ్యడమూ తేలికే. పొద్దున పాలు కాచేటప్పుడే అరలీటరు విడిగా మరిగించి, నిమ్మరసం పిండి విరగ్గొట్టండి. పలుచటి గుడ్డలో వడగట్టి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. నాలుగు బ్రెడ్డు ముక్కలకు సరిపోతుంది. మిగిలిన నీళ్లు పారబొయ్యకండి, చపాతీ పిండి కలపడానికి పనికొస్తాయి. సాయంత్రం పనీరులో చిటికెడు ఉప్పు, మిరియాల పొడి కలిపి బ్రెడ్డు మీద పరిచి, పైన మామిడి ముక్కలు పెట్టడమే. బజారు చీజ్ ముక్కలూ వాడొచ్చు గానీ వాటిలో ఉప్పెక్కువ. పండు ముందు పెడితే రసానికి బ్రెడ్డు నానిపోతుంది, అందుకే అది చివర్న. పెట్టగానే తినెయ్యాలి.

మామిళ్లు అయిపోతే చలికాలంలో దోర జామ ఉంది. అందులో సి విటమిన్ కమలాపండు కన్నా ఎక్కువే. అదీ లేకపోతే ఏడాది పొడుగునా అరటిపండు ఉండనే ఉంది!

అసలు సంగతి రుచి ఒక్కటే కాదు. మరిగే నూనె దగ్గరికి పిల్లల్ని పంపలేం. ఈ పని పదేళ్ల పిల్లాడైనా చేస్తాడు, కత్తి పట్టే పని మనం చేసిస్తే చాలు. వాళ్ల నాన్నకైతే ఆ సాయమూ అక్కర్లేదు! 'నాకు వంట రాదు' అనే మాటకి ఇక్కడ చోటే లేదు. మిగిలిన ఆ గంటలో ఓ పుస్తకం చదువుకోండి, పక్కింటావిడతో కబుర్లాడండి, ఊరికే ఫ్యాను కింద కూర్చున్నా తప్పులేదు.

ఈసారి ఎవరైనా "టిఫినేం చేస్తున్నావ్?" అని అడిగితే "ఇప్పుడు తిన్నది అదేగా!" అంటాను. మీరేమంటారు?