ఎవరి మధ్య ఈ సమతూకం?

ఎన్నికల షెడ్యూల్ రాగానే మీడియాకు నీతి బోధించే కాగితాలు వరుసగా బయటికొస్తాయి. ఎన్నికల సంఘం ఆదేశాలు, ప్రెస్ కౌన్సిల్ మార్గదర్శకాలు, ప్రసార సంస్థల సొంత నియమావళి. అన్నింటిలోనూ ఒకటే మాట: నిష్పాక్షికత, సమతూకం. ఎవరెవరి మధ్య సమతూకం అన్న ప్రశ్నను మాత్రం వీటిలో ఏదీ వేసుకోదు.

ముందు, ఉన్న నియమాల గతి చూద్దాం. ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ ప్రకారం, పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు ఆ ప్రాంతంలో టీవీల్లో ఎన్నికల ప్రచారం చూపకూడదు. 2024 ఎన్నికల్లో చివరి విడత జూన్ 1న జరిగింది. ప్రధాని పోటీ చేసిన వారణాసి ఆ విడతలోదే. ప్రచారం ముగిసిన మే 30 సాయంత్రం ఆయన కన్యాకుమారిలో ధ్యానానికి కూర్చున్నారు. ఛానళ్లు ఆ దృశ్యాలను దేశమంతా చూపించాయి. ప్రతిపక్షం ఫిర్యాదు చేసినా కెమెరాలు ఆగలేదు. అదే సమయంలో వారణాసిలో ఒక చిన్న బహుజన పార్టీ అభ్యర్థి సభ పెట్టి మైకు పట్టుకుంటే నేరం!

2003లో అదే చట్టంలో 39ఏ సెక్షన్ చేర్చారు. గుర్తింపు పొందిన పార్టీలకు కేబుల్ టీవీ సహా ఎలక్ట్రానిక్ మీడియాలో న్యాయమైన సమయం కేటాయించాలన్నది దాని సారం. ఆచరణలో ఆ వాటా దూరదర్శన్, ఆకాశవాణి దాటి రాలేదు. పైగా దానికి కొలమానం గత ఎన్నికల ఓట్లు. నిన్న గొంతు దక్కని వాళ్లకు రేపు కూడా దక్కకుండా చేసే లెక్క ఇది.

ఇక పెయిడ్ న్యూస్. 2009 ఎన్నికల్లో వార్తను గజాల లెక్కన అమ్ముకుంటున్నారని ఆంధ్రప్రదేశ్‌లో జర్నలిస్టుల సంఘమే గొంతెత్తింది. ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘంలో పరంజయ్ గుహా ఠాకుర్తా, మన కె. శ్రీనివాస్ రెడ్డి ఆధారాలతో నివేదిక రాశారు. 2010లో కౌన్సిల్ దాన్ని కుదించి వదిలింది. పూర్తి నివేదిక వెలుగు చూడటానికి 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం కావాల్సివచ్చింది. పెయిడ్ న్యూస్‌ను ఎన్నికల నేరంగా చేయమని 2015లో లా కమిషన్ 255వ నివేదికలో సిఫార్సు చేసింది. ఆ సిఫార్సు ఇంకా చట్టం కాలేదు.

అయితే జబ్బు డబ్బు ఒక్కటే అనుకుంటే పొరపాటు. 1920లో అంబేద్కర్ 'మూక్‌నాయక్' ప్రారంభించినప్పుడు, డబ్బిస్తామన్నా 'కేసరి' ఆ పత్రిక ప్రకటన వేయలేదు. డబ్బుకు వార్తలమ్మే మీడియాకు తాత ఆ మీడియా. అక్కడ డబ్బు కన్నా ముందు కులం పనిచేసింది. వందేళ్ల తర్వాత ఏం మారింది? 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ చేసిన అధ్యయనంలో 121 న్యూస్‌రూమ్ నాయకత్వ పదవులు లెక్కిస్తే, 106 చోట్ల సవర్ణులే. ఎస్సీ, ఎస్టీ ఒక్కరూ లేరు.

జర్నలిస్టుకు కులం ఉండదని కొందరు మేధావులు చెబుతారు. అయితే ఎన్నికల చర్చల భాష వినండి. ఆధిపత్య కులాలు కలిస్తే 'సామాజిక సమీకరణం', దళితులు కలిస్తే 'ఓటు బ్యాంకు'. 543 లోక్‌సభ స్థానాల్లో 131 ఎస్సీ, ఎస్టీలకు రిజర్వయినవి. ఆ స్థానాల్లో భూమి, ఉపాధి, అట్రాసిటీ కేసుల మీద ప్రైమ్ టైమ్ చర్చలు ఎన్ని చూశారు? ఒకే వర్గం నడిపే రెండు పార్టీలకు చెరి పదిహేను నిమిషాలిస్తే నియమం ప్రకారం అది సమతూకమే. బయట నిలబెట్టిన వాళ్లకు అది మూసిన తలుపు.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. 39ఏ ప్రైవేటు ఛానళ్లకూ వర్తించాలి, కొత్త పార్టీలకూ కనీస సమయం ఉండాలి. పెయిడ్ న్యూస్ శిక్షార్హమైన ఎన్నికల నేరం కావాలి. జిల్లా మీడియా పర్యవేక్షణ కమిటీల రికార్డులు ప్రజల ముందు పెట్టాలి. ప్రతి ఛానల్ తన సంపాదకుల, చర్చల్లో కూర్చునే వాళ్ల సామాజిక నేపథ్యం వెల్లడించాలి.

విశ్వవిద్యాలయాల్లోని మిత్రులకు ఒక మాట. వచ్చే ఎన్నికల్లో ఒక్క వారం రాత్రి చర్చలు రికార్డు చేయండి. ఎవరు కూర్చున్నారు, ఎవరి సమస్య మాట్లాడారు, ఎన్ని నిమిషాలో రాసి పెట్టండి. లెక్క మన చేతిలో ఉంటే, సమతూకం గురించి వాళ్లు మనకు పాఠాలు చెప్పలేరు.

జై భీమ్.