చవకేనా? లెక్కేసి చూడండి!

సికింద్రాబాద్ సీటీసీ లాంటి చోట పాడైన ల్యాప్‌టాప్ చవగ్గా దొరికితే, బాగుచేసుకోవచ్చులే అనిపిస్తుంది. డబ్బులిచ్చే ముందు జబ్బేంటో తేల్చుకోండి. బ్యాటరీ, ఎస్‌ఎస్‌డీ పోతే చాలా మోడళ్లలో మీరే మార్చుకోవచ్చు. మదర్‌బోర్డు పోయినా, బయోస్ పాస్‌వర్డ్ తెలియకపోయినా వదిలేయండి. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటెల్ 8వ తరానికి ముందు ప్రాసెసర్లలో దాదాపు వేటికీ విండోస్ 11 అధికారికంగా రాదు. 

కొన్న ధరకు విడిభాగాల ఖర్చు కలపండి. వారంటీ ఉన్న రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్ ధరకు దగ్గరగా వస్తే లాభమేముంది? వచ్చే వారమే ఆన్‌లైన్ టెస్టుంటే అసలే వద్దు. ఆ టెస్టు మళ్లీ రాకపోవచ్చు. 

టైముండి, హార్డ్‌వేర్ ఉద్యోగం కావాలనుకుంటే మాత్రం ధైర్యంగా కొనండి. ఏ లోపం ఎలా సరిచేశారో రాసిపెట్టుకోండి. ఇంటర్వ్యూలో చెప్పడానికి మీకంటూ ఒక పని ఉంటుంది.