మందులు తగలబెట్టేవాళ్ళా కుటుంబం గురించి చెప్పేది!

ఇంకా రెండేళ్ళ గడువున్న మందుల్ని పొయ్యిలో పడేసే ఇల్లాలు ఎక్కడైనా ఉంటుందా? అమెరికా ప్రభుత్వం మాత్రం ఆ పనే చేస్తానంది. 2025లో బెల్జియంలోని గీల్ అనే ఊళ్ళో ఒక గోడౌన్లో 97 లక్షల డాలర్ల గర్భనిరోధక సరుకు ఉండేది. మాత్రలు, ఇంజక్షన్లు, లూప్‌లు, చేతి చర్మం కింద అమర్చే ఇంప్లాంట్లు. వాటిలో ఎక్కువ భాగం కాంగో, కెన్యా, టాంజానియా, జాంబియా, మాలి దేశాల ఆడవాళ్ళ కోసం ప్రజల పన్ను డబ్బుతో కొన్నవే. గడువు 2027 నుంచి 2031 దాకా ఉంది. 2025 జులైలో వాటిని తగలబెట్టించాలని నిర్ణయించారు. ఆ కాల్చడానికే 1,67,000 డాలర్లు ఖర్చట! రవాణా ఖర్చు మేమే పెట్టుకుని పంచుతామని స్వచ్ఛంద సంస్థలు ముందుకొచ్చినా ఒప్పుకోలేదు.

ఎందుకు అంటే, అబార్షన్లకి మా డబ్బు ఇవ్వం అంటారు. అక్కడున్న మా బంధువులు కూడా ఫోన్లో ఇదే మాట అంటారు. సరే, ఇవ్వకండి. 1973 నుంచే అమెరికా సాయంతో విదేశాల్లో కుటుంబ నియంత్రణ కోసం అబార్షన్ చేయకూడదని చట్టం ఉంది. ఇప్పుడు ఆగిపోయినవి గర్భం రాకుండా చూసే మందులు కదా?

1984లో రీగన్ ప్రభుత్వం ఇంకో షరతు పెట్టింది. విదేశీ సంస్థ ఏదైనా సొంత డబ్బుతో అబార్షన్ చేసినా, దాని గురించి సలహా చెప్పినా, కుటుంబ నియంత్రణకి అమెరికా సాయం రాదు. అప్పటినుంచీ డెమోక్రాట్లు వస్తే తీసేయడం, రిపబ్లికన్లు వస్తే మళ్ళీ పెట్టడం. 2025 జనవరిలో మళ్ళీ పెట్టారు. 26 ఆఫ్రికా దేశాల లెక్కలు తీసిన ఒక పరిశోధన 2019లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. బుష్ కాలంలో ఈ షరతు ఉన్నప్పుడు, అమెరికా సాయం మీద ఎక్కువగా ఆధారపడ్డ దేశాల్లో గర్భనిరోధక సాధనాల వాడకం తగ్గింది, అబార్షన్లు దాదాపు 40 శాతం పెరిగాయి. ఆపుతామన్నదే పెరిగింది! ఇందులో వింతేముంది? ఆ ఇంజక్షన్ మూడు నెలలకోసారి వేయించుకోవాలి. చంకలో పది నెలల పిల్లతో నాలుగు మైళ్ళు నడిచొచ్చిన తల్లికి "స్టాకు లేదు" అని చెబితే, ఆ తర్వాత జరిగేది ఏ ఆడదానికైనా తెలుసు.

"విదేశీ సాయమంటేనే జనాభా తగ్గించే కుట్ర" అనేవాళ్ళూ ఉన్నారు. ఆ అనుమానం ఉత్తదని నేననను. 1960లలో మనం కరువులో ఉండగా గోధుమలు పంపుతూ, జనాభా తగ్గించమని జాన్సన్ ప్రభుత్వం మన మీద ఒత్తిడి తెచ్చింది. ఎమర్జెన్సీలో బలవంతపు ఆపరేషన్ల సంగతి మన పెద్దవాళ్ళని అడిగితే చెబుతారు. అప్పుడు వద్దన్నవాళ్ళకి చేశారు, ఇప్పుడు కావాలన్నవాళ్ళకి లేదంటున్నారు. కాన్పు మోసే మనిషిని అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగలేదు. ఎంతమందిని కనాలో, ఎంత ఎడంతో కనాలో ఆ దంపతులే స్వేచ్ఛగా తేల్చుకోవాలని 1994లో కైరోలో 179 దేశాలు ఒప్పుకున్నాయి. అందులో అమెరికా కూడా ఉంది.

కాన్పుకీ తర్వాతి గర్భానికీ మధ్య కనీసం రెండేళ్ళు ఎడం ఉంటే తల్లి కోలుకుంటుంది, చంటిపిల్లకి పాలుంటాయి, పెద్దపిల్ల బడికి వెళ్తుంది. కుటుంబ విలువలంటే నాకు తెలిసినవి ఇవే. వీటికి అయ్యే ఖర్చు దండగనేవాళ్ళు ఒక్క ఏడాది చంటిపిల్లతో, కడుపుతో ఇల్లు నడిపి చూడాలి.

అక్కడ ఓటున్న మన పిల్లలు ఈసారి ఓట్లడగడానికి వచ్చినవాళ్ళని ఈ గోడౌన్ సంగతి అడగండమ్మా. అందులో మీ పన్ను డబ్బూ ఉంది.